సూట్‌కేస్ రికార్డ్ ప్లేయర్: ఎనిమిది నెలలు వాడాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తాను, మంచి సౌండ్ కోసం చూసేవాళ్ళు దీన్ని కొనొద్దు. అదే డబ్బుకి బ్లూటూత్ స్పీకర్ వస్తుంది, పాట ఇంతకంటే శుభ్రంగా వినిపిస్తుంది, గొడవ ఉండదు. ఆ ఒక్క ముక్క కోసమే వచ్చినవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. మిగతావాళ్ళకి నేను చెప్పేది కొంచెం పొడుగు, ఎందుకంటే ఈ డబ్బా ఇంట్లోకి వచ్చాక దాని సంగతి కంటే మా ముగ్గురి చెవుల సంగతే ఎక్కువ బయటపడింది. ముగ్గురం అంటే మా నాన్న (74), నేను (46), మా అమ్మాయి (15, పదో తరగతి). మా ఆవిడ ఈ లెక్కలో లేదు, ఎందుకు లేదో తర్వాత చెప్తాను.

బ్రాండ్ పేరు రాయడం లేదు. ఈ సూట్‌కేస్ మోడల్ ప్లేయర్లు ఏ పేరు మీద అమ్మినా లోపల సరుకు దాదాపు ఒకటే: అదే ప్లాస్టిక్ చెయ్యి, అదే ఎర్ర ముల్లు, అవే రెండు చిన్న స్పీకర్లు. పైన రెగ్జిన్ రంగు మారుతుంది, అంతే. మాది పుదీనా పచ్చడి రంగు. ఆన్‌లైన్ సేల్‌లో 7,200 పడింది.

అసలు ఎందుకు కొన్నామంటే, మా అమ్మాయి గదిలో గోడకి అప్పటికే ఏడు నెలలుగా ఒక రికార్డు వేలాడుతోంది. అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ ‘1989’ ఆల్బమ్, 2023లో మళ్ళీ పాడి విడుదల చేసిన వెర్షన్. వాళ్ళ అత్త అమెరికా నుంచి వస్తూ తెచ్చింది. ప్లేయర్ లేకుండా రికార్డు ఎందుకే అంటే, “డాడీ, అది వినడానికి కాదు” అంది. పాటలన్నీ ఫోన్‌లో ఉన్నాయట, ఇది దగ్గర ఉంచుకోవడానికట. ఇదేదో మా పిల్ల ఒక్కదాని పిచ్చి అనుకున్నాను. తీరా చూస్తే అమెరికాలో లూమినేట్ అనే సంస్థ తీసిన లెక్కలో, రికార్డులు కొనేవాళ్ళలో సగం మంది దగ్గరే ప్లేయర్ ఉందట. 2022లో అక్కడ రికార్డులు 4 కోట్ల 10 లక్షలు అమ్ముడైతే సీడీలు 3 కోట్ల 30 లక్షలే. 1987 తర్వాత రికార్డులు సీడీల్ని దాటడం అదే మొదటిసారి. అందులో ఎన్ని గోడల మీదున్నాయో మరి.

పెట్టె విప్పినరోజు మా నాన్న వచ్చి మూత ఎత్తి, చెయ్యిని రెండు వేళ్ళతో పట్టుకుని బరువు చూసి, “ఏందిరా ఇది, టిఫిన్ డబ్బానా?” అన్నాడు. ఆయన దగ్గర ఒకప్పుడు హెచ్ఎంవీ ఫియస్టా ఉండేది. 80ల చివర్లో మోటారు పోతే ఎవరికో ఇచ్చేశాడు, ఆ సంగతి ఇప్పటికీ తలుచుకుంటాడు. రికార్డులు మాత్రం ఇవ్వలేదు. అటక మీద ఇనప్పెట్టెలో, పైన పాత దుప్పటి కప్పి, ముప్పై ఏళ్ళ పైన ఉన్నాయి. మేము ఇల్లు మారినప్పుడల్లా “ఇవెందుకు నాన్నా” అనేవాణ్ణి నేను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత నాకే తగిలింది.

సరే, మెషిన్ సంగతి. 33, 45, 78, మూడు స్పీడులూ ఉన్నాయి. ఇందులో ఉండేది సెరామిక్ కార్ట్రిడ్జ్ (చెయ్యి చివర ముల్లు బిగించే భాగం). దీనివల్ల విడిగా ప్రీయాంప్ (సన్నటి సిగ్నల్‌ని పెంచే పరికరం) అక్కర్లేదు, ప్లగ్గు పెడితే పాట వస్తుంది, అది మంచిదే. కానీ ముల్లు రికార్డు మీద మోపే బరువు 5 గ్రాముల దాకా ఉంటుంది. కాస్త మంచి టర్న్‌టేబుల్‌లో ఉండే మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ రెండు గ్రాములతో పని కానిచ్చేస్తుంది. బరువు ఎక్కువైతే గాడి తొందరగా అరుగుతుంది. ఒకసారి వేస్తే రికార్డు పాడైపోతుందని కొందరు భయపెడతారు గానీ అంత లేదు, అలాగని మీకు బాగా ఇష్టమైన, మళ్ళీ దొరకని రికార్డుని రోజూ దీని మీద తిప్పకండి. ఇంకో పెద్ద లోపం, స్పీకర్లు కూడా అదే పెట్టెలో ఉండటం. సౌండ్ పెంచితే పెట్టె అదురుతుంది, పెట్టె అదిరితే ముల్లు ఎగురుతుంది. వెనకాల సౌండ్ బయటికి తీసుకునే ఆర్‌సీఏ సాకెట్లున్నాయి, బయటి స్పీకర్లకి కలపండి, సగం బాధ పోతుంది. 78 స్పీడ్ ఉంది కదా అని తాతల నాటి లక్క రికార్డులు దీంట్లో వేయొద్దు. వాటి గాడి వెడల్పు, వాటికి వేరే ముల్లు కావాలి. ఈ విషయం డబ్బా మీద ఎక్కడా రాయలేదు.

మొదట వేసింది ఏమిటో ఊహించగలరా? ఘంటసాల భగవద్గీత. పెట్టెలో అన్నిటికంటే పైన అదే ఉంది, పైగా కొత్త వస్తువు, నాన్న ఇంకోటి వేయనివ్వలేదు. రెండోది బోనీ ఎం, 70ల నాటి డిస్కో గ్రూపు.

ఇక్కడ మా నాన్న గురించి ఒక మాట చెప్పాలి. ఆయన రైల్వేలో సిగ్నల్ అండ్ టెలికాం విభాగంలో చేశాడు, సికింద్రాబాద్‌లోనే. లాలాగూడ, మెట్టుగూడ వైపు అప్పట్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి, డ్రైవర్లు, గార్డులు, వర్క్‌షాపు ఫోర్‌మెన్లు. వాళ్ళ ఇళ్ళల్లో క్రిస్మస్‌కి జిమ్ రీవ్స్ మోగేది, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులుండేవి. పల్లెటూరి నుంచి ఉద్యోగానికొచ్చిన మా నాన్నకి ఇంగ్లీషు పాట అంటే అలా అంటుకుంది. మాటలు సగం అర్థమయ్యేవి కావట, ఇప్పటికీ కావు. “రివర్స్ ఆఫ్ బాబిలాన్” పాటని ఆయన నలభై ఏళ్ళు ప్రేమపాట అనుకున్నాడు, అది బైబిల్ కీర్తన అని మా పిల్ల చెబితే “అయితే ఏంది, మంచిగనే ఉంది కదా” అన్నాడు. ఆయన పెట్టెలో ఉన్నవి: బోనీ ఎం మూడు, అబ్బా రెండు, క్లిఫ్ రిచర్డ్, వెంచర్స్, ‘సాటర్డే నైట్ ఫీవర్’, ఒక బీటిల్స్, జిమ్ రీవ్స్ క్రిస్మస్ పాటలు, సగం చిరిగిన అట్టల్లో తెలుగు సినిమా చిన్న రికార్డులు. చాలావాటి మీద డమ్‌డమ్ అని ఉంటుంది, కలకత్తా గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీ.

బోనీ ఎం 1978 ఆల్బమ్, ‘నైట్‌ఫ్లైట్ టు వీనస్’. అందులో రస్పుటిన్ పాట మొదలవగానే గదిలోంచి మా అమ్మాయి పరుగున వచ్చింది. “తాతా, ఈ పాట నీకెట్లా తెలుసు?” అని. తాత నోరు తెరిచాడు. నీకెట్లా తెలుసు అని ఆయన, నీకెట్లా తెలుసు అని అది. దానికి తెలిసింది రీల్స్‌లో. 2021లో ఆ పాటకి ఒక రీమిక్స్ వచ్చి ప్రపంచమంతా దానికి గంతులేశారు కదా, అదే. పదిహేను సెకన్ల ముక్క తెలుసు దానికి, పాట మొత్తం అంత పొడుగుంటుందనీ మధ్యలో కథ చెబుతారనీ తెలియదు. ఆరోజు సాయంత్రం ఇద్దరూ కూర్చుని ఆ వైపు మొత్తం విన్నారు. అది ఫోన్ తీసి ఒక్కోటీ చదువుతోంది: ఆ గ్రూపులో మగగొంతు స్టేజీ మీద డాన్సు చేసిన బాబీ ఫారెల్‌ది కాదట, స్టూడియోలో పాడింది జర్మన్ నిర్మాత ఫ్రాంక్ ఫారియన్ అట. రష్యాలో ఆ ఆల్బమ్ వేసినప్పుడు రస్పుటిన్ పాటే తీసేశారట. ఆ బాబీ ఫారెల్ 2010లో చనిపోయింది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, డిసెంబర్ 30న, అసలు రస్పుటిన్‌ని, అంటే వందేళ్ళ కిందటి ఆ రష్యన్ సన్యాసిని, చంపిన ఊరు, చంపిన తేదీ. మా నాన్న ముఖం చూడాలి. నలభై ఏడేళ్ళు మగగొంతు అనుకున్నది ఎవరిదో తెలిసి, “మోసం చేసిన్రు” అని ఒక మాట అని, మళ్ళీ మొదట్నించి వేయమన్నాడు.

నేను మాత్రం నవ్వాను. నేను ఐదో తరగతిలో ఉండగా మా మేనమామ నాకు కొనిచ్చిన మొదటి ఇంగ్లీషు కాసెట్ మిల్లీ వానిల్లీ. వాళ్ళూ పాడలేదు, పెదాలు కదిపారు, 1990లో గ్రామీ వెనక్కి తీసుకున్నారు. దాని వెనకున్నదీ ఇదే ఫారియన్. నాన్న సంగీతానికీ నా సంగీతానికీ ఉన్న ఒకే ఒక్క చుట్టరికం అది, అదీ ఇట్లాంటిది.

తాతా మనవరాలూ ఇంత తొందరగా ఎలా కలిసిపోయారా అని ఆలోచిస్తే, దరువే కారణమనిపిస్తుంది. డిస్కోలో బేస్ డ్రమ్ము తాళంలో ప్రతి దెబ్బకీ పడుతుంది, నాలుగుకి నాలుగు, కాలు తనంతట తనే ఊగుతుంది. 1979లో అమెరికాలో రాక్ అభిమానులు డిస్కో రికార్డుల్ని గ్రౌండులో పోసి పేల్చేశారు, ఇక అయిపోయింది అన్నారు. ఎక్కడ అయిపోయింది? 2020లో బ్రిటిష్ గాయని దువా లిపా ఆల్బమ్ దాదాపు మొత్తం అదే దరువు, అదే ఏడాది కొరియా గ్రూపు బీటీఎస్ ‘డైనమైట్’ కూడా సూటూ బూటూ వేసుకున్న డిస్కోనే. మా అమ్మాయి పదో ఏట వింటూ పెరిగిందీ, మా నాన్న ఇరవై ఏడో ఏట విన్నదీ ఒకే ఇంట్లో పిల్లలు. ‘డైనమైట్’ వినిపిస్తే నాన్న “ఇది అబ్బావాళ్ళదా?” అన్నాడు, కొరియా కుర్రాళ్ళని చూపిస్తే నమ్మలేదు. అబ్బా కూడా నలభై ఏళ్ళ తర్వాత 2021లో కొత్త ఆల్బమ్ తెచ్చారని మా పిల్ల చెప్పింది, దానిక్కూడా “మళ్ళీ మోసం చేసిన్రా?” అన్నాడు.

ఇందులో నేనెక్కడున్నాను? ఎక్కడా లేను. రివ్యూ రాయడానికి అసలు కారణం ఇదే.

నాది 90ల బ్యాచ్. స్టార్ కేబుల్ వచ్చిన కొత్తలో ఎంటీవీ, తర్వాత చానల్ వీ. 1996 నవంబర్‌లో మైకేల్ జాక్సన్ బొంబాయి వస్తే పేపర్లో ఫొటో కత్తిరించి ఫిజిక్స్ రికార్డు అట్ట లోపల అంటించుకున్నవాణ్ణి. ఇంటర్‌లో ఒక స్నేహితుడు అమెరికా రాక్ బ్యాండు నిర్వాణా ‘నెవర్‌మైండ్’ ఇచ్చాడు. 1991లో వచ్చిన ఆల్బమ్ నా చేతికి వచ్చేసరికి ఆ పాడినాయన చనిపోయి ఏడాది అయింది, మనకి అన్నీ అలాగే వచ్చేవి కదా. అక్కణ్ణించి మెటాలికా, పెర్ల్ జామ్, గన్స్ అండ్ రోజెస్, ఐరన్ మెయిడెన్. 2011 అక్టోబర్ 30న మెటాలికా బెంగళూరు వస్తే కాచిగూడలో రైలెక్కి పోయాను. ఏడాది నిండిన పిల్లని ఇంట్లో వదిలేసి వెళ్ళానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో బురదలో నిలబడి గొంతు పోయేదాకా అరిచాను, రెండ్రోజులు ఆఫీసులో సైగలతో మాట్లాడాను.

ఇప్పుడు ఈ పుదీనా డబ్బాలో వేయడానికి నా దగ్గర ఒక్క రికార్డు లేదు. ఒక్కటి కూడా. ఎందుకంటే నాకు పదిహేనేళ్ళు వచ్చేసరికే మన దేశంలో ఎల్పీలు (పెద్ద రికార్డులు) తయారుచేయడం దాదాపు ఆగిపోయింది. నాదంతా కాసెట్. వంద రూపాయలు పెడితే ఒరిజినల్, లేకపోతే ఖాళీ కాసెట్ కొని ఎవరి దగ్గరో ఉన్నదాన్ని ఎక్కించుకోవడం. 60 నిమిషాలదా 90 నిమిషాలదా అన్నది పెద్ద లెక్క, చివరి పాట మధ్యలో టేపు అయిపోయేది. ఒక మెటాలికా పాట చివరి రెండు నిమిషాలు ఎలా ఉంటాయో నాకు డిగ్రీలో గానీ తెలియలేదు, అప్పటిదాకా అది అక్కడ ఆగిపోతుందనే అనుకున్నాను. రెండు షూ బాక్సుల కాసెట్లు. వాటిలో సగం బూజు పట్టాయి, మిగతావి దాదాపు అన్నీ 2009లో ఇల్లు మారినప్పుడు నేనే పారేశాను. నాన్నని “ఇవెందుకు” అన్న నోటితోనే. ఆయనవి మిగిలాయి, నావి పోయాయి. మా తర్వాత సీడీల్లో ఎంపీ3లు ఎక్కించుకున్న బ్యాచ్‌కైతే గోడకి తగిలించుకోవడానిక్కూడా ఏమీ లేదు పాపం.

పోనీ పాట మిగిలిందా అంటే, మా అమ్మాయికి నిర్వాణా బొమ్మ ఉన్న టీ షర్టు ఉంది. పసుపుపచ్చ నవ్వు ముఖం, కళ్ళ చోట ఇంటూ మార్కులు. మాల్‌లో 499కి కొంది. మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్ళు చెమర్చినంత పనైంది. “ఏ పాట ఇష్టం తల్లీ?” అన్నాను. “ఏ పాటేంటి?” అంది. బట్టల కంపెనీ అనుకుందట.

దాంతో రోషం వచ్చి ‘నెవర్‌మైండ్’ రికార్డు కొన్నాను. దిగుమతి సరుకు, 3,400. ప్లేయర్ ధరలో సగం దగ్గర దగ్గర. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందర్నీ కూర్చోబెట్టి వేశాను. మొదటి పాటలో డ్రమ్ములు పడగానే, నేను చెప్పిన లోపం ఉంది కదా, పెట్టె అదిరి ముల్లు గాల్లోకి లేచి రెండో పాట మీద పడింది. మళ్ళీ వేశాను, మళ్ళీ లేచింది. చెయ్యి మీద రూపాయి నాణెం పెట్టమని ఆన్‌లైన్‌లో చాలామంది చెప్తారు, పెట్టాను, ఆగింది. దయచేసి మీరు ఆ పని చేయొద్దు, ఐదు గ్రాముల మీద ఇంకో మూడు నాలుగు గ్రాములు మోపితే 3,400 పెట్టి కొన్నదాన్ని మనమే గీకినట్టు. తర్వాత బయటి స్పీకర్లు కలిపితే సమస్య పోయింది. అది సరే, అసలు సమస్య పోలేదు. నాన్న రెండో పాటకి లేచి, “పిలగానికి కడుపునొప్పా ఏంది, గట్ల అరుస్తున్నడు” అని తన గదిలోకి పోయాడు. మా అమ్మాయి మర్యాదగా మూడు పాటలు కూర్చుంది. “బాగుంది డాడీ, కానీ కొంచెం శాడ్ అంకుల్స్ మ్యూజిక్‌లా ఉంది.” ఆ పాడినాయన 27 ఏళ్ళకే పోయాడు, అంకుల్ అయ్యే వయసు కూడా రాలేదు అన్నాను. అది సారీ చెప్పింది. చెప్పి బోనీ ఎం వేసింది.

నేనూ నాన్న పాటల్ని ఆ వయసులో ఇంతే తీసిపారేశాను కదా అని మీరు అనొచ్చు. నిజమే. బోనీ ఎం అంటే మాకు పెళ్ళి బ్యాండు సంగీతం, అబ్బా అంటే ఆంటీల సంగీతం. గిటారు లేకపోతే, గొంతు చించుకోకపోతే అది పాటే కాదు మాకు. నాన్నకి ఎదురుగా నిలబడటానికే ఆ అరుపులు కావలసి వచ్చాయేమో కూడా. మా పిల్లకి తాత మీద అలాంటి కక్షేం లేదు, ఎదురుతిరగాల్సింది నా మీద, కాబట్టి నా గిటార్ల మీద. కార్నెల్ యూనివర్సిటీలో 2013లో ఒక అధ్యయనం చేశారు. ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళకి 1955 నుంచి 2009 దాకా హిట్ పాటల ముక్కలు వినిపిస్తే, వాళ్ళ కాలానివే కాకుండా వాళ్ళ అమ్మానాన్నల యవ్వనంలోని పాటలు, ఇంకా వెనక 60ల పాటలు కూడా వాళ్ళకి బాగా దగ్గరగా అనిపించాయట. ఇంట్లో మోగినవి చెవిలో ఉండిపోతాయన్నమాట. అక్కడే నా తప్పు తెలిసింది. నేను మా ఇంట్లో నా పాటలు ఎప్పుడు మోగించాను? హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను, పిల్ల లేస్తుందని. దానికి నా సంగీతం అంటే తల ఊపుతూ నోరు మెదపని ఒక మనిషి.

మా ఆవిడ సంగతి చెప్తానన్నాను కదా. ఆమెకి ఇళయరాజా ఉంటే చాలు, మిగతాదంతా చప్పుడు. ఒకసారి మా అమ్మాయి టీవీలో మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ వీడియో పెడితే, వంటింట్లోంచి తొంగిచూసి “ఇది మన చిరంజీవి గోలీమార్ కదా, వీళ్ళు కాపీ కొట్టారా?” అంది. ‘దొంగ’ 1985, ‘థ్రిల్లర్’ వీడియో 1983 చివర అని చెప్పాను. “ఎవరు ముందైతే ఏంటి, మాకైతే చిరంజీవే ముందు” అంది. నిజం చెప్పాలంటే ఆంధ్రాలో, తెలంగాణలో నా వయసువాళ్ళలో చాలామందికి పాప్ సంగీతం వచ్చిన దారి అదే. నాలాంటి కాసెట్ పిచ్చోళ్ళం క్లాసుకి ఇద్దరం.

ఇక మెషిన్‌లో వచ్చిన అసలు తేడా. నాలుగో నెలలో అబ్బా వింటూ నాన్న, “వీళ్ళకేం రైలు మిస్సయ్యేదుందారా, ఇంత తొందరగా పాడుతున్నరు?” అన్నాడు. నాకేం తేడా తెలియలేదు. ఆయన ఒప్పుకోలేదు. మా అమ్మాయి ఫోన్‌లో ఏదో యాప్ వేసి, ఫోన్‌ని తిరిగే ప్లేటు మీద పెట్టి చూస్తే 33 చిల్లర తిరగాల్సింది 34.4 తిరుగుతోంది. వందకి మూడు ఎక్కువ. యాభై ఏళ్ళ కిందట విన్న వేగం ఆయన ఒంట్లో అట్లాగే ఉంది, మెషిన్ అవసరం లేకుండా. అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే వీడియో పంపమన్నారు, పంపితే “ఇది నార్మల్ సర్, మామూలు కస్టమర్లకి తెలియదు” అన్నారు. మా ఇంట్లో మామూలు కస్టమర్ లేడు అన్నాను, టికెట్ క్లోజ్ చేశారు. సర్వీసుకి నేనిచ్చేది సున్నా.

కానీ నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది ఇది కాదు. మా అమ్మాయి, “అట్లాగే ఉంచుదాం తాతా, ఇదే బాగుంది” అంది. దానికి పాటల్ని స్పీడ్ పెంచి వినడం అలవాటు, స్పీడప్ వెర్షన్ అని వేరేగా ఉంటాయి, గొంతు కాస్త చిన్నపిల్లల గొంతులా అవుతుంది. వందకి మూడు పెరిగితే దానికి పాటలో ప్రాణం వచ్చినట్టుంది, ఆయనకి ప్రాణం పోయినట్టుంది. ఇద్దరికీ అంతవరకూ ఉన్న స్నేహం ఆ పూట తెగింది. “పాడినోళ్ళు ఎట్ల పాడిన్రో అట్ల వినాలె” అని ఆయన, “నాకెట్లా నచ్చితే అట్లా వింటా” అని అది. ఆ గొడవలో నేను నాన్న వైపే ఉన్నాను, నాకే వింతగా అనిపించింది. చివరికి ఆయనే రిపేరు చేశాడు. అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, లోపల మోటారుకి ఒక స్క్రూ, సన్న స్క్రూడ్రైవర్ పెట్టి వెంట్రుకవాసి తిప్పాలి. సిగ్నల్ రిలేలు సరిచేసిన చేతులు, ఐదు నిమిషాల్లో 33.3కి తెచ్చాడు. మీ మోడల్‌లో ఆ రంధ్రం ఉందో లేదో కొనేముందు అడగండి, ఉంటే సర్వీస్ సెంటర్ అవసరం పడదు.

గోడ మీద రికార్డు కూడా దిగింది చివరికి. ‘1989’ రెండు ప్లేట్లు, నాలుగు వైపులు, ఇరవై నిమిషాలకోసారి లేచి తిప్పాలి. మా అమ్మాయికి అది పెద్ద ఇబ్బంది అవుతుందనుకున్నాను, కాలేదు. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే నచ్చని పాట దాటేయలేకపోవడం దగ్గర. ముల్లు ఎత్తి మధ్యలో పెట్టబోయి రెండుసార్లు గీసుకుంది, ఇక వదిలేసింది. మూడో వారంలో, “డాడీ, నేను ఎప్పుడూ స్కిప్ చేసే పాటే ఇప్పుడు ఇష్టమైంది” అంది. నాన్నకి టేలర్ స్విఫ్ట్ నచ్చింది, “మాటలు స్పష్టంగా పలుకుతది” అని సర్టిఫికెట్ ఇచ్చాడు. నాకు? 1989లో నాకు పదేళ్ళు. ఆ సింథసైజర్ మోత వింటుంటే మా మేనమామ స్కూటర్, ఆ మిల్లీ వానిల్లీ కాసెట్ గుర్తొచ్చాయి, బాగానే అనిపించింది, కానీ రెండో ప్లేటుకి వచ్చేసరికి నా మనసు గిటారు ఎప్పుడొస్తుందా అని చూస్తుంది. రాదు. పాటలు బాగా రాస్తుంది, ఒప్పుకుంటాను. ఇంతకంటే ఒప్పుకోలేను, ప్రయత్నించాను.

ఇంట్లో పాటల యాప్ ఫ్యామిలీ ప్లాన్ కూడా ఉంది. నలుగురం నాలుగు ఇయర్‌ఫోన్లు, ఎవరు ఏం వింటున్నారో ఎవరికీ తెలియదు, ఎవరికీ ఎవరితో గొడవ లేదు. ఈ డబ్బా వచ్చాక హాల్లో వంతులొచ్చాయి. ఆదివారం పొద్దున నాన్నది, మధ్యాహ్నం మా అమ్మాయిది, నాకిచ్చింది శనివారం రాత్రి తొమ్మిది తర్వాత అరగంట, అదీ సౌండ్ తగ్గించి. మా ఆవిడ కోసం జుమ్మేరాత్ బజార్‌లో తిరిగి ఇళయరాజా రికార్డు ఒకటి 250కి తెచ్చాను. గీతలు పడి పొరపొరమంటుంది, అయినా ఆమె వంతు కూడా వచ్చి చేరింది.

కొనేవాళ్ళకి చివరిగా: అటక మీద రికార్డులుండి, ఒకసారి విని చూద్దాం అనుకునేవాళ్ళకి ఇది సరిపోతుంది. కొత్త రికార్డుల మీద వేలు పోయబోతున్నవాళ్ళు ఇంకో ఏడెనిమిది వేలు కలుపుకుని, బరువు సరిచేసుకునే చెయ్యి, మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ ఉన్నది తీసుకోండి. ముల్లు విడిగా ఒకటి ఎక్స్‌ట్రా కొని ఉంచుకోండి, దీంతో వచ్చింది ఆరో నెలకే గరగరమంది. సౌండ్‌కి 5కి 2, కట్టుబడికి 2, సర్వీసుకి సున్నా. మొత్తం మీద 3 ఇస్తున్నాను, లెక్క కుదరదని నాకూ తెలుసు.

నా మిగిలిన కాసెట్లు పదకొండు. పాత డెక్ అటక మీదే ఉంది, లోపల రబ్బరు బెల్టు కరిగి జిగురైపోయింది, కోఠీలో ఒకాయన 600కి వేసిస్తానన్నాడు, ఇచ్చి వచ్చాను. నిన్న మా అమ్మాయి ఫోన్ పట్టుకొచ్చి చూపించింది, టేలర్ స్విఫ్ట్ ఆల్బమ్‌లు కాసెట్‌లో కూడా వస్తున్నాయట. “డాడీ, నీ డెక్ ఎప్పుడిస్తానన్నాడు అంకుల్?”